కాన్ఫిగరేషన్ మేనేజర్ బౌండరీలు: ఒక సమీక్ష

సంస్థలోని కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్, ప్యాచ్‌లు పంపి నిర్వహించే మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో నాకు బాగా నచ్చిన అంశం బౌండరీ గ్రూపులే. బౌండరీ అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్లు ఉండే ఒక ప్రాంతం. ఐపీ సబ్‌నెట్, యాక్టివ్ డైరెక్టరీ (సంస్థ కంప్యూటర్లు, ఖాతాల వివరాలుండే మైక్రోసాఫ్ట్ డైరెక్టరీ) సైట్, ఐపీ అడ్రస్ రేంజ్, వీపీఎన్ వంటి వాటిలో దేనితోనైనా బౌండరీని నిర్వచించి, గ్రూపులో చేర్చి, ఆ గ్రూపుకు దగ్గరి డిస్ట్రిబ్యూషన్ పాయింటును (ప్యాకేజీలను ఉంచి అందించే సర్వర్‌ను) జతచేస్తే, శాఖా కార్యాలయంలోని కంప్యూటర్లు భారీ ప్యాకేజీలను సైతం ప్రధాన కార్యాలయపు లింకుపై భారం వేయకుండా అక్కడికక్కడే తెచ్చుకుంటాయి. గ్రూపులో చేర్చని బౌండరీ మాత్రం ఉన్నా లేనట్టే.

సొంత గ్రూపులో ప్యాకేజీ దొరకని కంప్యూటర్ పక్క గ్రూపుకు మళ్లే ముందు ఆగే వ్యవధి డిఫాల్టుగా 120 నిమిషాలు ఉంటుంది. స్థానిక సర్వర్ ఆగిపోయిన పూట అత్యవసర ప్యాచ్ కోసం ఎదురుచూసేవారికి ఇది మరీ ఎక్కువ, తగ్గించుకోవడమే మేలు. కంటెంట్ విషయంలో బౌండరీలు ఒకదానిపై ఒకటి పడినా ఇబ్బంది లేదు గానీ, సైట్ అసైన్‌మెంటులో (కంప్యూటర్‌ను ఏ కాన్ఫిగరేషన్ మేనేజర్ సైటు నిర్వహించాలో తేల్చడంలో) అలా జరిగితే కొత్త క్లయింట్ కంప్యూటర్ ఏ సైటులో చేరుతుందో చెప్పలేము. అందుకే యాక్టివ్ డైరెక్టరీలోని సైట్లను, సబ్‌నెట్లను వెతికే ఫారెస్ట్ డిస్కవరీ దానంతటదే సృష్టించే బౌండరీలను నేను సరిచూడకుండా వాడను.