పద్దెనిమిదేళ్లు వాడాక: పాత టర్న్‌టేబుల్, చిన్న స్పీకర్లు, చదరపు గది

కొన్న నెలకే సమీక్ష రాయడం నాకు చేతకాదు. మా కాకినాడ ఇంట్లో పాటలు వినే ఏర్పాటు ఇప్పుడున్న రూపానికి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 టర్న్‌టేబుల్, ఛానల్‌కు 40 వాట్లిచ్చే ఓ పాత యాంప్లిఫయర్, అయిదంగుళాల వూఫర్లు (బేస్ పలికించే కోన్లు) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. అంతే.

దానికి ముందు పదిహేనేళ్లు ప్రయోగాలే. 4440 ఐసీ (యాంప్లిఫయర్ చిప్) బోర్డు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, వడ్రంగి చేత కొట్టించిన ప్లైవుడ్ పెట్టెలు. ఆ రోజుల్లో రెడీమేడ్ సెట్ల అట్టపెట్టెల మీద ‘1000 వాట్స్ పీఎంపీఓ’ అని ఉండేది, అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరిట ఊదరగొట్టిన అంకె. నా 4440 ఐసీ ఛానల్‌కు ఇచ్చేది ఆరు వాట్లు. ఆ ఆరింటికే ఎదురింటి మామ్మగారు కిటికీ తలుపులు వేసుకునేవారు.

టర్న్‌టేబుల్ గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1979లో వచ్చిన మోడల్. పన్నెండు కిలోల పైమాటే, ఒక చేత్తో ఎత్తలేం. దీనికి బెల్టు ఉండదు, పళ్లెం కిందే మోటారు. క్వార్ట్జ్ స్ఫటికం వేగాన్ని పట్టి ఉంచుతుంది. సాయంత్రం వోల్టేజీ పడిపోయి ఫ్యాను నీరసించినా, పళ్లెం అంచున ఎర్ర దీపం వెలుగులో కనిపించే చుక్కలు మాత్రం నిలకడగా ఉంటాయి. ఇన్నేళ్లలో దానికి నేను చేసిన సేవ దుమ్ము తుడవడం, ఒకసారి వైర్లు మార్చడం. నిమిషానికి 33⅓, 45 చుట్ల వేగాలే ఉన్నాయి కాబట్టి తాతగారి 78 రికార్డులు బీరువా పైనే ఉన్నాయి. వాటిని స్పిరిట్‌తో మాత్రం తుడవకండి. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

దీని పక్కన ఒక స్లైడర్ ఉంటుంది, వేగాన్ని ఎనిమిది శాతం దాకా పెంచొచ్చు, తగ్గించొచ్చు. డీజేలు దాంతోనే పాటకు పాట కలుపుతారు. మా ఇంట్లో దాని పని వేరు. వేగం ఆరు శాతం పెరిగితే శృతి సరిగ్గా ఒక మెట్టు పైకెళ్తుంది. మా అమ్మాయిది అయిదు శృతి (ఆధార ‘స’ హార్మోనియం మీద జి). నాలుగున్నరలో ఉన్న రికార్డును కొంచెం జరిపితే ఆమె కూడా కలిసి పాడుకోవచ్చు. తాళం కాస్త పరుగెత్తుతుంది, అది తప్పదు.

ఇక గుంయ్‌మనే మోత. ఈ సిస్టంతో నేను పడ్డ బాధలో సగం దీనిదే. రికార్డు మీద ముల్లు పుట్టించే సంకేతం అయిదారు మిల్లీవోల్టులు. సీడీ ప్లేయర్ ఇచ్చేది దాదాపు రెండు వోల్టులు. అంత చిన్న సంకేతాన్ని వంద రెట్లు పెంచేటప్పుడు కరెంటు మోత కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, మోతలో దానికి రెట్టింపు 100 కూడా గట్టిగా ఉంటుంది. అయిదు శృతిలో పాడేవారి తంబురా మంద్ర షడ్జమం (కింది స్థాయి ‘స’) 98 హెర్ట్జ్. ఇంకేముంది, కొన్ని నెలలపాటు ఆ మోతను తంబురా అనుకుని మురిసిపోయాను. “ఎంత స్పష్టంగా వినిపిస్తోందో చూశావా” అని మా ఆవిడకు చూపించాను కూడా. ఒకరోజు ఒకటిన్నర శృతిలో పాడిన గాత్రం పెట్టాను. వెనక తంబురా ప్రతిమధ్యమం మోగిస్తోంది! తంబురాలో మామూలుగా ఉండని స్వరం అది. అప్పుడు వెలిగింది.

అంతకుముందు వచ్చిన మెకానిక్ కుర్రాడు టర్న్‌టేబుల్ ఎర్త్ వైరును కిటికీ ఊచకు కట్టి వెళ్లాడు. పిలిచి అడిగితే “అది రికార్డులోదేనండీ” అన్నాడు. వైరు తీసి యాంప్లిఫయర్ వెనక ఎర్త్ స్క్రూకు బిగిస్తే ముప్పాతిక వంతు పోయింది. మిగతాది పెరట్లో ఎర్త్ గొయ్యి కొత్తగా తీయించి, ఉప్పు, బొగ్గు వేయించాక తగ్గింది. చివరికి మిగిలిన చిరచిర ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్‌ది. ఫ్యాను పూర్తి స్పీడులో గానీ, ఆపేసి గానీ వినాలి. మే నెల కాకినాడలో ఏది ఎంచుకుంటారో మీ ఇష్టం.

గది సంగతి ముందే తెలిసుంటే చాలా డబ్బు మిగిలేది. మాది పన్నెండు బై పన్నెండు అడుగులు. చదరపు గదంత చెడ్డది లేదు. రెండు వైపులా ఒకే కొలత కాబట్టి 47 హెర్ట్జ్ దగ్గర బేస్ రెట్టింపై గోడల దగ్గర పోగవుతుంది, గది మధ్యలో మాయమవుతుంది. మృదంగం కుడి మూత చక్కగా పలికేది, ఎడమ మూత మాత్రం డ్రమ్ములో బంతి దొర్లినట్టుండేది. యాంప్లిఫయర్‌దే తప్పని మార్చాను. ఖరీదైన స్పీకర్ వైర్లు కొన్నాను. వాటి సంగతి అడగకండి. చివరికి స్పీకర్లను గోడ నుంచి రెండున్నర అడుగులు ముందుకు జరిపి, రెండు మూలల్లో పాత బూరుగు దూది పరుపులు చుట్టి నిలబెట్టి, టైల్స్ మీద జంపకానా పరిచాను. ఆ సాయంత్రం ఈమని శంకరశాస్త్రి వీణ పెడితే, మీటు తర్వాత తీగ ఎంతసేపు మోగుతుందో మొదటిసారి తెలిసింది. దానికి ఖర్చు సున్నా. పరుపుల మీద ఇంట్లో వచ్చిన మాటలు లెక్కేయకపోతే.

ముల్లు ఆర్టోఫోన్ 2ఎం రెడ్. అది రికార్డు మీద ఆనే బరువు 1.8 గ్రాములు పెట్టాలి. కంటితో అంచనా వేయొద్దు, చిన్న డిజిటల్ తూనిక కొనండి. వెయ్యి గంటలకో ముల్లు అని లెక్క పెట్టుకున్నాను, రోజుకో గంట చొప్పున దాదాపు మూడేళ్లు. రికార్డు లోపలి వరుసల్లో ముల్లు కింద గాడి కదిలే వేగం తగ్గిపోతుంది కాబట్టి చివరి కీర్తనలో ‘స’లు, ‘ష’లు కాస్త ఉమ్మినట్టు వస్తాయి. ముల్లు బిగించే అదే బాడీకి (కార్ట్రిడ్జ్‌కి) 2ఎం బ్లూ ముల్లు సరిపోతుంది. అది వేశాక ఆ బాధ చాలావరకు తగ్గింది. నా దృష్టిలో పైసాకు పైసా గిట్టిన ఖర్చు అదొక్కటే.

సముద్రపు గాలి ఊళ్లో ఉన్నవాళ్లకు ఒక మాట. వూఫర్ చుట్టూ ఫోమ్ ఉన్న స్పీకర్లు కొనకండి. నా మొదటి జత ఫోమ్ అప్పడంలా విరిగి రాలింది. రబ్బరు అంచున్నవి ఇంకా బాగానే ఉన్నాయి. రికార్డులకు వానాకాలంలో బూజు పడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంబడే తుడిస్తే పోతుంది.

నిన్న రాత్రి ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ షేక్ చిన్న మౌలానా నాదస్వరం పెట్టుకున్నాను. ఎంత హాయిగా ఉందో. రెండో వైపు తిప్పడానికి లేచినప్పుడు చూశాను, అమ్మాయి సాధన చేసుకున్నాక స్లైడర్ వెనక్కి జరపలేదు. ఇరవై నిమిషాలు ఒక మెట్టు పైన విన్నాను.