ఎండీ మెడిసిన్ తర్వాత రుమటాలజీ డీఎంనా, అలర్జీ ఫెలోషిప్పా?

కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల్లో ఎండీ జనరల్ మెడిసిన్ ముగించబోయేవాళ్లను తర్వాత ఏంటని అడిగితే కార్డియాలజీ, గ్యాస్ట్రో అంటారు. కీళ్లవాతం (రుమటాలజీ), అలర్జీల వైపు చూసేవాళ్లు తక్కువ. చూసినవాళ్లకు వచ్చే సందేహం ఒకటే: ఇంకో మూడేళ్లు పెట్టి డీఎం అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ చేయాలా, త్వరగా అయిపోయే ఫెలోషిప్ చాలా? చదువయ్యాక సీమలోనే ప్రాక్టీస్ పెట్టాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అమెరికాలో అలర్జీ, ఇమ్యునాలజీ (రోగనిరోధక శక్తికి సంబంధించిన వైద్యం) కలిపి ఒక ఫెలోషిప్, రుమటాలజీ వేరొకటి. పెద్దల వైద్యం నుంచి వెళ్లేవాళ్లకు రెండూ రెండేళ్లే. మన దేశంలో ఇమ్యునాలజీని రుమటాలజీతో కలిపారు, అలర్జీని ఛాతీ, ఈఎన్‌టీ, చర్మ, పిల్లల డాక్టర్లు పంచుకున్నారు. అందుకే ఇక్కడ అలర్జీ శిక్షణ అంటే ఎక్కువగా చిన్న కోర్సులు, ఆసుపత్రులు సొంతంగా ఇచ్చే ఫెలోషిప్పులే. డీఎంకి, దాంతో సమానమైన డీఆర్ఎన్‌బీకి మాత్రం నీట్-ఎస్ఎస్ ప్రవేశ పరీక్ష రాయాలి. జిప్‌మర్, ఎయిమ్స్ లాంటివాటికి ఐఎన్ఐ-ఎస్ఎస్ అనే పరీక్ష వేరుగా ఉంటుంది. మనకు దగ్గర్లో హైదరాబాద్ నిమ్స్, వెల్లూరు సీఎంసీ, పుదుచ్చేరి జిప్‌మర్ ఉన్నాయి.

నా ఓటు డీఎం వైపే. కారణం మన ఓపీలోనే కనిపిస్తుంది. "పొద్దున్నే ఏళ్లు మడ్సేకి రాదు సార్" అంటూ వచ్చే ఆమె అప్పటికే నెలల తరబడి ఊళ్లో ఇచ్చిన నొప్పుల బిళ్లలు మింగి ఉంటుంది. అందులో స్టెరాయిడ్ ఉందని ఆమెకు తెలియదు. ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి, వేళ్లు వంకర తిరగడం మొదలయ్యాక మన దగ్గరికి వస్తుంది. ఆమెకు కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ రాయడం పెద్ద పని కాదు. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలని, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని, చదువు రాని మనిషికి అర్థమయ్యేలా చెప్పి, లివర్, రక్తకణాల పరీక్షలు క్రమం తప్పకుండా చేయిస్తూ ఏళ్ల తరబడి నడిపించడం పెద్ద పని.

ఇక మన నేల తెచ్చిపెట్టే చిక్కులున్నాయి. బేతంచెర్ల, తాడిపత్రి వైపు రాయి కోసి పాలిష్ పట్టేచోట్ల దుమ్ములో సిలికా ఉంటే అది ఊపిరితిత్తులతో ఆగదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం), చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా ముప్పునూ పెంచుతుంది. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లలో వెన్ను బిగుసుకుపోయినవాళ్లను చూసి ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక వాతం) అని పొరబడడం సులువు. చికున్‌గున్యా తగ్గాక నెలలు గడిచినా వదలని కీళ్ల నొప్పులు అచ్చం రుమటాయిడ్‌లాగే కనిపించవచ్చు. వీటిని విడదీసి చూసే కన్ను మూడేళ్లు వార్డులో నిలబడితేనే వస్తుంది. లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉన్న అమ్మాయి గర్భవతైతే ఏ మందు ఆపాలో, ఏది ఆపకూడదో చిన్న కోర్సు నేర్పలేదు.

మరి అలర్జీ తక్కువదా? కానే కాదు. బీడు నేలంతా వయ్యారిభామ, ఇంట్లో దుమ్ము, తుమ్ములతో సగం రాత్రి కూర్చుని ఉండే పిల్లలు. రోగులకు కొదవ లేదు. స్కిన్ ప్రిక్ టెస్ట్ చేయడమూ కష్టం కాదు. ముంజేతి మీద అలర్జీ తెచ్చే పదార్థాల చుక్కలు వేసి, ఒక్కో చుక్కలో సన్నగా గుచ్చి, పావుగంట తర్వాత లేచిన దద్దు కొలుస్తారు. పోలిక కోసం వేసిన సెలైన్ చుక్క దగ్గరికంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటే పాజిటివ్. కష్టమంతా ఆ తర్వాతే. పాజిటివ్ వచ్చిన ప్రతిదీ జబ్బు కాదు. ఏ ఇబ్బందీ లేకుండా చెనక్కాయలు తింటున్న పిల్లాడికి కాగితంలో పాజిటివ్ చూసి అన్నీ మాన్పించడం అన్యాయం. ఇమ్యునోథెరపీ, అంటే అలర్జీ తెచ్చే పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స, మూడు నుంచి అయిదేళ్లు సాగుతుంది. ఇంజెక్షన్ ఇచ్చాక అరగంట కూర్చోబెట్టాలి, రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి.

అందుకే ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో ఇప్పటికే కుదురుకున్న ఛాతీ డాక్టరుకు, పిల్లల డాక్టరుకు అలర్జీ ఫెలోషిప్పే మేలు. ఉన్న ప్రాక్టీసుకు బలం వస్తుంది, మూడేళ్లు ఊరు వదలాల్సిన పని లేదు. కొత్తగా ఎండీ అయినవాళ్లు దాన్ని డీఎంకి ప్రత్యామ్నాయం అనుకోకూడదు. ఆసుపత్రులు సొంతంగా ఇచ్చే సర్టిఫికెట్ డీఎంతో సమానం కాదు, రేపు రుమటాలజీ ఫ్యాకల్టీ పోస్టుకు పనికిరాదు. ఫెలోషిప్‌లో చేరేముందు అక్కడ ఇప్పుడు చదువుతున్నవాళ్లను పక్కకు పిలిచి అడగండి: టెస్టులు మీ చేత్తో చేయిస్తారా, ఇమ్యునోథెరపీ రోగులను మొదటి డోసు నుంచి చూడనిస్తారా, రియాక్షన్ వచ్చినప్పుడు పక్కన సీనియర్ ఉంటారా?

అమెరికా సంగతికొస్తే, ఇక్కడి ఎండీ ఉన్నా మామూలుగా అక్కడి లైసెన్స్ పరీక్ష యూఎస్ఎంఎల్ఈ రాసి, రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) మూడేళ్లు మళ్లీ చేసి, ఆపైనే ఫెలోషిప్. అక్కడే స్థిరపడాలనుకుంటే అది వేరే లెక్క. కర్నూలుకు తిరిగొచ్చేవాళ్లకు ఆ అయిదేళ్లు దండగ.

నీట్-ఎస్ఎస్‌లో మొదటిసారి సీటు రాకపోతే టెన్షన్ పడి దొరికిన ఫెలోషిప్‌లో చేరిపోకండి. రుమటాలజిస్టు ఉన్న ఆసుపత్రిలో సీనియర్ రెసిడెంట్‌గా చేరి, కీళ్లు చేత్తో పట్టి చూడడం నేర్చుకుంటూ ఇంకోసారి రాయండి.