సైకోమెట్రిక్ టెస్టుల శిక్షణ: కొన్నేళ్లు వాడి చూశాక

"అంత ఫీజు కట్టి సైకోమెట్రిక్ టెస్టుల సర్టిఫికెట్ ఎందుకండీ, టెస్టు పెడితే రిపోర్టు దానంతటదే వస్తుంది కదా?" అని హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు అడుగుతుంటారు. వస్తుంది. రంగురంగుల గ్రాఫులతో పేజీలకు పేజీలు వస్తుంది. దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియకపోవడమే చిక్కంతా.

నేను చేసింది బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ ప్రమాణాలతో నడిచే ఆక్యుపేషనల్ టెస్ట్ యూజర్ శిక్షణ, అంటే ఉద్యోగానికి వచ్చినవాళ్ల సామర్థ్యాన్ని, స్వభావాన్ని కొలిచే టెస్టులను సరిగ్గా వాడటం నేర్పేది. ఇందులో మొదటి భాగం ఎబిలిటీ, అంటే లెక్కలు, భాష, తర్కం లాంటి సామర్థ్య పరీక్షలు. రెండోది పర్సనాలిటీ. పాతవాళ్లు ఇప్పటికీ లెవెల్ ఎ, లెవెల్ బి అనే అంటారు. సైకాలజీ డిగ్రీ అక్కర్లేదు. కానీ క్లాసులకు వెళ్లినంత మాత్రాన పాసైపోరు. అసైన్‌మెంట్లు, మనం ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ చూసి అసెసర్ సరేననాలి. తర్వాత రిజిస్టర్‌లో పేరు ఉండాలంటే ఏటా ఫీజు. అదొక్కటీ నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

డబ్బుకు తగ్గ విలువ ఎబిలిటీ భాగంలోనే ఉంది. స్టాటిస్టిక్స్ అనగానే టెన్షన్ పడతారు గానీ వర్గమూలం కట్టడం వస్తే చాలు. స్టెన్ స్కోరునే తీసుకోండి, అంటే మార్కులను ఇతరులతో పోల్చి మార్చి ఇచ్చే స్కోరు. 1 నుంచి 10 దాకా ఉంటుంది, సగటు 5.5, స్టాండర్డ్ డీవియేషన్ (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె) 2. టెస్టు మాన్యువల్‌లో రిలయబిలిటీ, అంటే స్కోరు ఎంత నిలకడైనదో చెప్పే అంకె, 0.75 అని ఉందనుకుందాం. 1లోంచి 0.75 తీసేసి, మిగిలిన దానికి వర్గమూలం కట్టి, 2తో గుణిస్తే 1 వస్తుంది. అంటే 6 వచ్చిన మనిషి అసలు స్కోరు 5కీ 7కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అదీ 68 శాతం నమ్మకంతోనే. ఇద్దరిని పోల్చేటప్పుడు ఈ ఊగిసలాట 1.4 దాకా పెరుగుతుంది. "ఇతనికి 7, ఆమెకు 6, ఇతన్నే తీసుకుందాం" అన్న మేనేజరుకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆయన కాసేపు చూసి, "మరి ఇన్నాళ్లూ ఏం చేశాం మేడం?" అన్నారు.

స్కోరు చూడగానే ఎవరితో పోల్చి ఇచ్చారని అడగడం కూడా అక్కడే అలవాటైంది. టెస్టులు అమ్మడానికి వచ్చేవాళ్లను నార్మ్ గ్రూపు (పోల్చిన గుంపు) గురించి అడిగితే చాలామంది "గ్లోబల్ నార్మ్స్ మేడం" అని నవ్వి ఊరుకుంటారు. తెలుగు మీడియంలో డిప్లొమా చేసి ప్లాంటులో మెయింటెనెన్స్ పనికి వచ్చిన కుర్రాడికి ఇంగ్లిష్ వెర్బల్ టెస్టు పెడితే తెలిసేది తర్కం కన్నా ఇంగ్లిషే ఎక్కువ. అలాంటి ఉద్యోగాలకు మేం బొమ్మలతో ఉండే టెస్టు, పని చేయించి చూసే పరీక్ష పెడుతున్నాం.

ఈ చదువు ఆఫీసు బయట కూడా పనికొచ్చింది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్షలో ప్రతి టెస్టులోనూ టీ స్కోరు 42 రావాలి, ఏ కేటగిరీకీ సడలింపు లేదు. దాన్ని వందకు 42 మార్కులనుకునే పిల్లలు ఎందరో. టీ స్కోరు కూడా స్టెన్‌లాగే ఇతరులతో పోల్చి ఇచ్చేది, సగటు 50, డీవియేషన్ 10. కాబట్టి 42 అంటే పోల్చిన గుంపులో దాదాపు 21 శాతం మందిని దాటినట్టు.

పర్సనాలిటీ భాగం మీద నా అభిప్రాయం అంత గట్టిది కాదు. థియరీ కాస్త సాగదీశారు. ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం నేర్పిన తీరు మాత్రం బంగారం. అకౌంట్స్‌లో ఒకావిడకు దూకుడుగా మాట్లాడే గుణంలో స్టెన్ 3 వచ్చింది. "నేను పిరికిదాన్నా మేడం?" అంది. "ఇది మీ గురించి మీరే చెప్పుకున్నదమ్మా. ఎక్కడ సరిపోయింది, ఎక్కడ కుదర్లేదో చెప్పండి" అన్నాను. మీటింగుల్లో నోరు విప్పదట, సప్లయర్లతో బిల్లుల దగ్గర మాత్రం వదిలిపెట్టదట. ఈ సంగతి ఏ గ్రాఫులోనూ లేదు. మనుషుల స్వభావాన్ని పదహారు టైపులుగా విడదీసే ఎంబీటీఐ టెస్టును ఇంటర్వ్యూల్లో వాడేవాళ్లు ఇంకా కనిపిస్తారు. నియామకాలకు వాడొద్దని ఆ టెస్టు ప్రచురించేవాళ్లే చెబుతారు.

లోటు కూడా చెప్పాలి. సామర్థ్య పరీక్షలు ఉద్యోగంలో పనితీరును 0.51 మేరకు (0 అంటే సంబంధమే లేనట్టు, 1 అంటే పూర్తిగా సరిపోయినట్టు) అంచనా వేస్తాయన్న, 1998 నాటి పరిశోధకులు ష్మిట్, హంటర్ అంకెనే మా మెటీరియల్ గొప్పగా చూపించింది. 2022లో సాకెట్ అనే పరిశోధకుడి బృందం లెక్క సరిచూసి దాన్ని 0.31కి దించింది. పద్ధతిగా అడిగే ఇంటర్వ్యూకు 0.42 ఇచ్చింది. అది తెలిశాక మా దగ్గర టెస్టుకు వెయిటేజీ తగ్గించి, ఇంటర్వ్యూ ప్రశ్నలు ముందే రాసి పెట్టుకుంటున్నాం.

నియామకాల పనిలో ఉన్నవాళ్లు ఎబిలిటీ భాగం కళ్లు మూసుకుని చేయొచ్చు. పర్సనాలిటీ కూడా చేయాలనుకుంటే, ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: మీరు ఫీడ్‌బ్యాక్ ఇస్తుంటే ట్రైనర్ పక్కన కూర్చుని చూస్తారా, లేక స్లైడ్లతో సరిపెడతారా? స్లైడ్లే అంటే ఇంకో చోటు చూసుకోండి.