సర్వీస్ కంపెనీయా, ప్రొడక్ట్ కంపెనీయా: మొదటి ఉద్యోగానికి ఏది మేలు?

సాఫ్ట్‌వేర్‌లో సర్వీస్ కంపెనీ అంటే వేరే కంపెనీల (క్లయింట్ల) పనిని వాళ్ల తరఫున చేసిపెట్టేది, ప్రొడక్ట్ కంపెనీ అంటే సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసి నడిపేది. ఈ రెండు రకాల ఆఫర్లూ చేతిలో ఉంటే ఎవరైనా ముందు జీతమే చూస్తారు. చూడాల్సిందే. పెద్ద సర్వీస్ కంపెనీల్లో మామూలు ఫ్రెషర్ ప్యాకేజీ పదేళ్లకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. అమెజాన్, మైక్రోసాఫ్ట్ లాంటి చోట్ల దానికి ఎన్నో రెట్లు ఇస్తారు. కాకపోతే ఆ పెద్ద అంకెలో షేర్లు కూడా కలిపి ఉంటాయి, అవి ఒక్కసారే చేతికి రావు. అమెజాన్‌లో చాలాకాలంగా ఉన్న పద్ధతి ప్రకారం ఆ షేర్లలో మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15 శాతం, మిగతా 80 శాతం మూడు, నాలుగో ఏళ్లలో. మధ్యలో మానేస్తే రావాల్సినవి పోయినట్టే.

నా దృష్టిలో అసలు తేడా పనిలో ఉంది. సర్వీస్ కంపెనీలో జావా ట్రైనింగ్ పూర్తి చేసినవాణ్ణి టెస్టింగ్‌లోనో సపోర్ట్‌లోనో వేయొచ్చు. ప్రాజెక్ట్ దొరక్కపోతే బెంచ్, అంటే పని లేకుండా ప్రాజెక్ట్ కోసం ఎదురుచూడటం. ఊరికే జీతం వస్తోందని బయటివాళ్లు అనుకుంటారు గానీ, క్లయింట్‌కి బిల్లు పడని ఇంజినీరు కంపెనీకి ఖర్చే, ఆ టెన్షన్ లోపలున్నవాళ్లకే తెలుసు. పైగా రాసిన కోడ్ క్లయింట్‌కి అప్పగించాక దాని గతేమైందో చాలాసార్లు మనదాకా రాదు.

ప్రొడక్ట్ కంపెనీలో ఆ కోడ్ మన మెడకే చుట్టుకుంటుంది. ఆన్‌కాల్ వారంలో, అంటే సమస్య వస్తే ఏ వేళైనా చూసుకోవాల్సిన వంతు మనదైనప్పుడు, అర్ధరాత్రి అలర్ట్ మోగితే లేచి లాగ్స్ (సిస్టమ్‌లో ఏం జరిగిందో ఉండే రికార్డు) చూడాల్సిందే. ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన క్వెరీ (డేటాబేస్ నుంచి సమాచారం అడిగే కోడ్) లక్షల మంది ఒకేసారి వాడేసరికి ఎందుకు చతికిలపడిందో అప్పుడే అర్థమవుతుంది. నిద్ర చెడుతుంది, నిజమే. పని నేర్చుకునేది కూడా అక్కడే.

ఇక భద్రత. సర్వీస్ కంపెనీ అంటే సగం గవర్నమెంటు ఉద్యోగమని ఇంట్లో పెద్దలు అంటారు. 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తగ్గిస్తామన్నప్పుడు ఆ మాటకు బలం వచ్చింది. 2025లో సర్వీస్ కంపెనీ అయిన టీసీఎస్ కూడా 12 వేలకు పైగా ఉద్యోగాల కోత ప్రకటించేసరికి ఆ బలమూ పోయింది.

రెండూ వస్తే ప్రొడక్టే తీసుకోండి. సర్వీస్ ఒక్కటే వస్తే వద్దనకండి, ముఖ్యంగా మెకానికల్, సివిల్ చదివి సాఫ్ట్‌వేర్ వైపు వచ్చేవాళ్లు. ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్‌లో ఇచ్చేలాంటి శిక్షణ వాళ్లకి నిజంగా పనికొస్తుంది. కానీ రెండేళ్లు నిండేలోపు బయటికి ప్రయత్నం మొదలుపెట్టండి. మారేటప్పుడు, నోటీస్ పీరియడ్ (రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన గడువు) 90 రోజులైతే ఆ సంగతి రిక్రూటర్ మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి. ఆఫర్ దాకా వచ్చాక చెబితే, నెలలో చేరేవాళ్లు కావాలంటూ వెనక్కి తగ్గే కంపెనీలున్నాయి.