తాత్కాలిక బొమ్మ కళ్లకు గుచ్చుకోవాలా, ఆటలో కలిసిపోవాలా: ఏది మేలు?

వీడియో గేమ్ తయారీ మొదలుపెట్టినవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది: అసలు బొమ్మలు సిద్ధమయ్యేలోపు వాటి స్థానంలో ఏవి పెట్టుకోవాలి? చూడగానే తాత్కాలికమని తెలిసిపోయే ముదురు రంగు పలకలా, లేక ఎక్కడో కొన్నవో ఏఐతో చేయించినవో అయిన చక్కటి బొమ్మలా?

రెండో పద్ధతికి ఉన్న బలాన్ని తక్కువ చేయలేము. గోడ మీద వెలుతురు ఎలా పడుతోందో, పాత్ర నేపథ్యం నుంచి విడిగా కనిపిస్తోందో లేదో తెలియాలంటే అసలుకు దగ్గరగా ఉన్న బొమ్మే కావాలి. పెట్టుబడి పెట్టేవారికి గులాబీ రంగు గోడలు చూపించి, మిగతాది ఊహించుకోమని చెప్పడం కూడా కుదరదు.

అయినా, తేల్చవలసిన అంశం నా దృష్టిలో వేరు. మార్చడం మరచిపోయిన తాత్కాలిక బొమ్మ విడుదలకు ముందు ఎవరి కంటనైనా పడుతుందా? అందంగా ఉన్నది పడదు; లోపాలు వెతికే పరీక్షకులు బాగున్నదాన్ని ఎందుకు అనుమానిస్తారు? 2025 ఏప్రిల్‌లో వచ్చిన ‘క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’లో ఏఐతో చేసిన కొన్ని తాత్కాలిక టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలం మీద అతికించే బొమ్మలు) అలాగే మిగిలిపోయాయి. కొద్ది రోజుల్లోనే ప్యాచ్‌తో (విడుదలయ్యాక పంపే సవరణతో) వాటిని మార్చినప్పటికీ, ఏఐ వాడకం కారణంగా ఆ ఏడాది డిసెంబరులో, స్వతంత్రంగా తయారైన ఆటలను గౌరవించే ఇండీ గేమ్ అవార్డ్స్ ఆ ఆటకిచ్చిన పురస్కారాలను వెనక్కి తీసుకుంది.

తెర మీద నుంచి తీసేసినంత మాత్రాన బొమ్మ ఫైళ్లలోంచి పోతుందనుకోవడం కూడా పొరపాటే. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో ‘రిసోర్సెస్’ ఫోల్డరులో ఉన్న ప్రతి ఫైలూ, ఆటలో ఎక్కడా వాడకపోయినా, తుది బిల్డ్‌లోకి, అంటే ఆటగాళ్లకు అందే ప్యాకేజీలోకి, చేరుతుంది. ఫైళ్లను విప్పి చూసే అభిమానులకు అక్కడ రంగు పలక దొరికితే నవ్వుకుని ఊరుకుంటారు. హక్కులు లేని బొమ్మ దొరికితే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

కాబట్టి నా మొగ్గు రంగు పలకల వైపే. అయితే చాలామంది అలవాటుగా ఎంచుకునే మెజెంటా (ముదురు గులాబీ) మాత్రం వద్దు. యూనిటీలో షేడర్ (ఉపరితలం తెర మీద ఎలా కనిపించాలో లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం) చెడినా ఆ రంగే కనిపిస్తుంది, సోర్స్ అనే మరో గేమ్ ఇంజిన్‌లో టెక్స్చర్ దొరకకపోతే ఊదా, నలుపు గళ్లు కనిపిస్తాయి. అందువల్ల మీరు కావాలని పెట్టినదేదో, నిజంగా చెడిపోయినదేదో తేడా తెలియకుండా పోతుంది. పసుపు, నలుపు చారలు వేసి, పలక మీదే ఫైలు పేరు రాస్తే, పరీక్షకుడు పంపిన స్క్రీన్‌షాట్ చూసి ఏ ఫైలు మార్చాలో వెంటనే తెలుసుకోవచ్చు.

ఈ రెండూ కాక వేరే దారులూ ఉన్నాయి. బూడిద రంగు పెట్టెలు కొలతలు, దూరాలు సరిచూసుకోవడానికి చాలు. చేత్తో గీసిన చిత్తు బొమ్మలు చిన్న ఆటలకు పనికొస్తాయి.

ప్రదర్శన కోసం అందమైన బొమ్మలు తప్పనిసరి అయితే, వాటన్నింటినీ ఒకే ప్రత్యేక ఫోల్డరులో ఉంచి, అందులోని ఒక్క ఫైలు చేరినా తుది బిల్డ్ తయారీ ఆగిపోయేలా స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) రాసుకోవాలి.