నెల్లూరులో హార్ప్సికార్డ్ పండగ: మధ్యాహ్నం సూపర్, సాయంత్రం మైకు చెడగొట్టింది

టికెట్ మూడు వందలు, పిల్లలకి నూట యాభై. ఆ డబ్బుకి మధ్యాహ్నం సెషన్ ఒక్కటే చాలు. సాయంత్రం కచేరీ మీద మాత్రం నాకు కంప్లయింట్లు ఉన్నాయి, అవి తర్వాత చెప్తా. ఇక్కడ వెస్ట్రన్ మ్యూజిక్ నేర్పే ఒకరిద్దరు మాస్టార్లు, వాళ్ల దగ్గర నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న ఒక్కరోజు పండగ ఇది. హార్ప్సికార్డ్ అనే పాతకాలం యూరప్ వాద్యాన్ని, దాన్ని వాయించే ఆవిడని మద్రాసు నుంచి రప్పించి, ట్రంకు రోడ్డుకి దగ్గర్లో ఒక స్కూలు ఆడిటోరియంలో చేశారు. వెళ్తున్నానంటే మా బావ "ఏందబ్బా అది, గిటారా?" అన్నాడు.

గిటారు కాదు కానీ ఆయన మరీ తప్పు చెప్పలేదు. చూడటానికి పియానోకి తమ్ముడిలా ఉన్నా వయసులో అన్న ఇది. పియానోలో మీట నొక్కితే లోపల సుత్తి వెళ్లి తీగని కొడుతుంది. ఇందులో కొట్టడం లేదు, మీటడమే. మీట అవతలి చివర నిలబెట్టిన సన్నటి చెక్క పట్టీ (దాన్ని జాక్ అంటారు) పైకి లేస్తూ, దాని పక్కకి పొడుచుకొచ్చిన చిన్న ముల్లుతో తీగని మీటేసి పోతుంది. పాతరోజుల్లో ఆ ముల్లుని పక్షి ఈక కాడతో చేసేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా డెల్రిన్ అనే ప్లాస్టిక్ వాడుతున్నారు. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా శబ్దం దాదాపు ఒకటే వస్తుంది. వేలి బలాన్ని బట్టి శబ్దం పెరిగి తగ్గే వాద్యం కావాలనే 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫోరి అనే ఆయన పియానో తయారుచేశాడు.

మధ్యాహ్నం సెషన్‌లో వాద్యాన్ని స్టేజీ మీద పెట్టకుండా కింద నేల మీదే పెట్టి, మూత తెరిచి, చుట్టూ కుర్చీలు వేశారు. ఎవరికొచ్చిన ఐడియానో గానీ దండం పెట్టాలి. ఆవిడ ఒక జాక్ ఊడదీసి అందరి చేతికీ ఇచ్చింది. పెన్సిలంత ఉంది, బరువే లేదు. పైభాగంలో ముల్లు ఉన్న చిన్న నాలుక లాంటి ముక్క వెనక్కి వంగుతుంది, అందుకే జాక్ కిందికి దిగేటప్పుడు తీగని రెండోసారి మీటకుండా తప్పుకుని వచ్చేస్తుంది. కొసన ఉన్న ఎర్ర ఫెల్టు గుడ్డ తీగ మీద వాలి మోత ఆపేస్తుంది. వందల ఏళ్ల కిందటి బుర్ర అది, నేనైతే ఆ ముక్కని వేలితో అటూ ఇటూ ఆడిస్తూ పక్కవాళ్లకి ఇవ్వడమే మర్చిపోయా.

వీణ నేర్చుకుంటున్న మా అక్క కూతురు నేరుగా అడిగేసింది, "గమకం ఎట్లా పలికిస్తారు ఆంటీ?" అని. దీంట్లో రాదు తల్లీ అని ఒప్పుకుంది ఆవిడ. కానీ అదే కాలంలో క్లావికార్డ్ అని ఇంకొకటి ఉండేదట. దాంట్లో మీట నొక్కి ఉంచినంతసేపూ ఇత్తడి రేకు తీగకి తగిలే ఉంటుంది కాబట్టి, వేలు కాస్త ఆడిస్తే స్వరం కూడా ఊగుతుంది. శబ్దం మాత్రం పక్క గదిలోకి కూడా వినపడనంత చిన్నది. అది తేలేదు, ఫోన్లో వీడియో చూపించారంతే. తెచ్చి ఉంటే మనవాళ్లకి దాంతోనే ఎక్కువ చుట్టరికం కుదిరేది.

చీమకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తారట, "స్వరం నిలబడకపోతే రాగం ఎట్లా లాగాల?" అన్నారు. ఆయన బాధ న్యాయమే. గాలిపెట్టెలో గాలి ఉన్నంతసేపూ హార్మోనియం స్వరం ఆగదు, ఇక్కడ మీటిన క్షణం నుంచే చచ్చిపోవడం మొదలవుతుంది. ఆవిడ మాటల్లో జవాబు చెప్పకుండా ఒకే పాటని రెండు రకాలుగా వాయించి చూపించింది. మొదట స్వరం తర్వాత స్వరం నీట్‌గా, టైప్ చేసినట్టు. రెండోసారి ఒక్కో స్వరాన్ని కాస్త ఆలస్యంగా మొదలుపెట్టి, ముందుదాన్ని వదలకుండా పట్టి ఉంచి, పొడుగు స్వరం వచ్చినచోట పక్క స్వరంతో కలిపి గబగబా అల్లుతూ. శబ్దం పెరగలేదు, కానీ పెరిగినట్టే అనిపించింది. ఫ్రాన్స్‌లో కూపరాన్ అనే సంగీతకర్త ఈ వాయించే పద్ధతి మీదే 1716లో పుస్తకం రాశాడంటే ఎందుకో అప్పుడు అర్థమైంది. పెద్దాయన తల ఊపారు. గమకం పలకదని మన రేడియో వాళ్లు హార్మోనియాన్ని 1940 నుంచి 1971 దాకా నిషేధించారుగా, ఆయనకి ఈ గొడవ కొత్త కాదు.

శ్రుతి ఇంకో కథ. మన ఉక్కపోతకి లోపలి పల్చటి చెక్క ఉబ్బుతుంది, ఏసీ వేస్తే కుంచించుకుంటుంది, తీగలు దాంతోపాటే కదులుతాయి. పొద్దున చేసిన శ్రుతి మధ్యాహ్నానికి పోయింది, సాయంత్రం మళ్లీ కూర్చుని ఒక్కో తీగా తిప్పుకుంది పాపం. పైగా ఇప్పటి శ్రుతి 440 (తీగ సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందనే లెక్క) కాకుండా పాతకాలం వాటికి వాడే 415కి, అంటే అరస్వరం కిందకి పెట్టారు. కీబోర్డు తెచ్చుకుని కలిసి వాయిద్దామనుకున్న కుర్రాడికి శ్రుతి పైకీ కిందకీ జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ వెతుక్కోవడమే సరిపోయింది.

ఇక సాయంత్రం. ఆరున్నరకి అన్నారు, సన్మానాలు, శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి ఏడున్నర. సరే, మన ఊరు. కానీ అంత సున్నితమైన వాద్యాన్ని స్టేజీ ఎక్కించి, లోపలికి రెండు మైకులు దూర్చి, పెళ్లిళ్లకి పెట్టే స్పీకర్లలో వదిలారండీ! తీగ కన్నా జాకులు పడే టకటకే ఎక్కువ వినపడింది. స్కార్లాటి అనే పాతకాలం సంగీతకర్త 555 సొనాటాలు (చిన్న చిన్న ముక్కలు) రాస్తే అందులో 141వ నంబరు వాయించారు, ఒకే స్వరాన్ని మ్యాండలిన్‌లా దడదడా మీటించే ముక్క అది. మధ్యాహ్నం దగ్గర కూర్చుని దాంట్లో రెండు వరసలు వింటేనే ఒళ్లు జలదరించింది, స్పీకర్లో మాత్రం ముద్దముద్దగా వచ్చింది. ఫ్రాన్స్ సంగీతకర్త రామో రాసిన కోడిపెట్ట ముక్క బతికిపోయింది, దాంట్లో స్వరాల కింద ఆయనే "కో కో కో" అని రాశాడని చెప్పగానే పిల్లలు పడీ పడీ నవ్వారు, మైకు ఎట్లా ఉన్నా పట్టించుకోలేదు.

చివర్లో బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్, అంటే ఒక పాట, దాన్ని మార్చి మార్చి అల్లిన ముక్కలు. 1741లో అచ్చయినప్పుడే ముఖపత్రం మీద రెండు వరసల మీటలున్న హార్ప్సికార్డ్ కోసం అని రాసుంది, తెచ్చింది ఒక వరసది. అందుకని మొదటి పాట, ఒక వరస మీద వీలయ్యే కొన్ని ముక్కలు మాత్రమే వాయించింది. అప్పటికి కరెంటు పోయి స్పీకర్లు ఆగిపోయాయి, జనరేటర్ వెయ్యబోతుంటే ముందు వరసలో వాళ్లు వద్దన్నారు. వెనక వాళ్లకి ఏం వినపడిందో తెలీదు గానీ, ముందుకొచ్చి నిలబడ్డ మాకు ఆ రోజు మొత్తంలో బాగా వినపడింది అదే.

టీ, సమోసా ఫ్రీ, సమోసా వేడిగా ఉంది. బండి పార్కింగ్ దండగ, వీధిలో పెట్టుకోవాల్సిందే. వచ్చే ఏడు కూడా చేస్తామంటున్నారు. చేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే: అంత హాలు వద్దు, యాభై మంది పట్టే గది చాలు, టికెట్ అయిదొందలు పెట్టినా ఇస్తాం, మైకు మాత్రం ఇంట్లో వదిలేసి రండి.