పదేళ్లుగా మా గోడ మీద ఉన్న చామంతులు: ఒక ఇటాలియన్ తైలవర్ణ చిత్రంపై సమీక్ష

2015 అక్టోబరులో బొలోన్యా నగరంలో ఒక చిత్రకారుడి పనిగదికి వెళ్లి ఆయన దగ్గరే కొన్న తైలవర్ణ చిత్రమిది. లినెన్ కాన్వాసు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు. బూడిదరంగు బల్ల మీద ఒక గాజు సీసా, అందులో ఏడు చామంతులు: నాలుగు తెల్లనివి, రెండు పసుపుపచ్చనివి, కుడివైపు అంచు దాకా వాలిపోయిన ముదురెరుపు పువ్వు ఒకటి. బొమ్మలో అంతకు మించి మరేమీ లేదు. ఇన్నేళ్లుగా రోజూ చూస్తున్నాను కనుక, ఈ తరహా ఆధునిక ఇటాలియన్ పూల చిత్రం కొనాలనుకునేవారికి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

ఇటలీలో చామంతి సమాధుల పువ్వు. మృతులను తలచుకునే నవంబరు 2 దగ్గర పడుతుంటే పూల దుకాణాల ముందు చామంతి కుండీలు బారులు తీరతాయి, అవన్నీ శ్మశానాలకే వెళ్తాయి. ఎవరింటికైనా భోజనానికి వెళ్తూ చామంతులు పట్టుకెళ్లడం ఇక్కడ అమంగళం. ఈ బొమ్మను మెచ్చుకున్నవారు కూడా ఇంట్లో పెట్టుకోవడానికి జంకి వదిలేశారని చిత్రకారుడే నాతో చెప్పారు. గడపకు పసుపు రాసి చామంతులు పెట్టే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఆ జంకు లేదు. ఇక్కడ ఆ పువ్వు సమాధుల మీదికి చేరే రోజులు, అక్కడ మా అమ్మ కార్తీక పూజలకు బుట్టెడు చామంతులు తెప్పించే రోజులు దాదాపు ఒకటే. ఇప్పటికీ మా ఇంటికి మొదటిసారి వచ్చే ఇటాలియన్ స్నేహితులు దీని ముందు ఒక్క క్షణం మాట ఆపుతారు.

ధర 630 యూరోలు. ఇటలీలో చిత్రం వెలను చాలా చోట్ల ఒక లెక్క ప్రకారం కడతారు: వెడల్పును, ఎత్తును సెంటీమీటర్లలో కూడి, ఆ మొత్తాన్ని చిత్రకారుడికున్న పేరును బట్టి నిర్ణయమైన ఒక గుణకంతో హెచ్చవేస్తారు. 40, 50 కలిపి 90. ఆయన గుణకం అప్పటికి 7. ఈ లెక్క తెలిస్తే బేరం అవసరం లేకుండానే అడిగిన ధర సబబో కాదో తేలిపోతుంది. దానితో పాటు చిత్రం ఫొటో వెనుక ఆయన సంతకం చేసి ఇచ్చిన ధ్రువపత్రం కూడా నా దగ్గర ఉంది. కళాఖండాలు అమ్మే వ్యాపారులు అలాంటి పత్రం ఇవ్వాలని 2004 నాటి సాంస్కృతిక సంపద చట్టం చెబుతోంది, అడగడానికి మొహమాటపడకండి.

బొమ్మలోని బూడిదరంగులు చూడగానే బొలోన్యావారికి జోర్జో మొరాందీ గుర్తుకొస్తారు. 1890లో ఇదే నగరంలో పుట్టి, ఫొందాత్సా వీధిలోని ఇంట్లో చిన్న గదిలో సీసాలను, గిన్నెలను బొమ్మలు వేస్తూ 1964లో కన్నుమూసిన ఆయన, పూలను కూడా అదే నిబ్బరంతో చిత్రించారు. కొన్నిసార్లు పట్టుతో చేసిన పూలను ముందు పెట్టుకుని వేశారు. మా బొమ్మలో సీసా, బల్ల ఆ ఒరవడిలోవే. పూలు మాత్రం అలా లేవు. వాటి చురుకు చూస్తే ఫెర్రారాలో పుట్టిన ఫిలిప్పో దె పిసిస్ గుర్తొస్తారు: రెక్కకొక్క కుంచె దెబ్బ, దెబ్బకూ దెబ్బకూ నడుమ రంగు తగలని కాన్వాసు. కొన్నప్పుడు ఆ ఖాళీలు నాకు అసంపూర్తిగా తోచాయి, నిజం చెప్పాలంటే డబ్బు దండుగ చేశానేమోనన్న దిగులు కొన్ని నెలలు ఉంది. ఏడాది గడిచేసరికి అభిప్రాయం మారింది. ఉదయం పక్క నుంచి వెలుగు పడినప్పుడు తెల్ల చామంతుల రెక్కల మీద దట్టంగా నిలిచిన రంగు తన నీడను తానే వేసుకుంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ తెలుపులో కొంచెం ఆకుపచ్చ, కొంచెం ఊదా, ఒకచోట కుంచె నుంచి ఊడి అంటుకుపోయిన వెంట్రుక కూడా కనిపిస్తాయి. సాయంత్రం దీపం వెలిగించాక అవన్నీ మాయమై పూల గుత్తి ఒక్కటే మిగులుతుంది. అచ్చు వేసిన నకలులో ఇది దొరకదు.

తైలవర్ణం నీటి రంగులా తడి ఆరిపోయి ఎండేది కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. అందుకే వార్నిష్ పూయకుండా ఇచ్చి, ఏడాది తర్వాత తెమ్మన్నారు. 2016 శరదృతువులో తీసుకెళ్తే పూసి ఇచ్చారు. మొదటి నెల ఇల్లంతా నూనె వాసన. అది నాకు ఇష్టమే. దుమ్ము కోసం మెత్తని పొడి కుంచె తప్ప తడిగుడ్డ ఏనాడూ తగలనివ్వలేదు.

ఇక లోపాలు. మొదటిది నా పొరపాటు. గోడ ఖాళీగా ఉందని హీటర్‌కు సరిగ్గా పైన తగిలించాను. రెండు చలికాలాలు గడిచేసరికి కాన్వాసు వదులై, కింది మూలల్లో అలలు తేలాయి. వెనుక చట్రం మూలల్లో ఉండే చిన్న చెక్క చీలలను సుత్తితో మెల్లగా తట్టి చిత్రకారుడే మళ్లీ బిగించారు, రంగు పగలలేదు. దక్షిణపు కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు మార్చాను, అది రెండో పొరపాటైంది.

2023లో ఫ్రేము మార్చడానికి విప్పినప్పుడు నా గుండె జారింది. వాలిన ఎర్ర పువ్వు రెక్క ఒకటి ఫ్రేము అంచు కిందికి పోయి ఉంది. అక్కడ దాగిన భాగం దానిమ్మ గింజంత ఎర్రగా ఉంటే, బయట ఉన్న మిగతా పువ్వు వెలిసి గులాబి రంగుకు దిగిపోయింది. రోజూ చూస్తున్నా నా కంటికి ఆ మార్పు తెలియలేదు. ఆయన ఆ పువ్వుకు అలిజరిన్ క్రిమ్సన్‌ను పల్చని పూతగా వాడారు. అది వెలుగుకు నిలవని రంగని, పల్చగా పూస్తే మరీ త్వరగా పోతుందని చిత్రకారులందరికీ తెలుసు. అమ్మేటప్పుడు ఆ మాట చెప్పి ఉండాల్సింది, ఈ ఒక్క విషయంలో ఆయన మీద నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. మీరు కొనేటప్పుడు ముదురెరుపు కనిపిస్తే ఏ రంగు వాడారని తప్పక అడగండి: ట్యూబు మీద పి.ఆర్. 83 అని ఉంటే అలిజరినే. క్వినాక్రిడోన్ జాతి ఎరుపులైతే వెలుగును చాలా మెరుగ్గా తట్టుకుంటాయి. కాడ్మియం పసుపుతో వేసిన రెండు పూలు మాత్రం చెక్కుచెదరలేదు.

డబ్బు తీసుకోకుండా మళ్లీ ఎరుపు పూస్తానని ఆయన అన్నారు. నేను వద్దన్నాను. అంచులను కప్పని పెట్టె తరహా ఫ్రేము చేయించి, ఎండ చేరని లోపలి గోడకు మార్చాను. ఇప్పుడు వెలిసిన ఆ పువ్వు కొసన, ఆరు మిల్లీమీటర్ల మేర, 2015 నాటి ఎరుపు బయటికి కనిపిస్తోంది.